బ్రేక్‌లో ఉన్నామంటే లాగాల్సిందే

శనివారం రేసులో నాలుగో ల్యాప్. నా ముందున్నాయన కుడి మోచెయ్యి రెండుసార్లు బయటికి ఆడించారు. సైకిల్ రేసుల్లో ఆ సైగకు ఒకటే అర్థం: నా వంతు అయిపోయింది, ఇక నువ్వు ముందుకు రా. ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చారు. నేను ముందుకు వెళ్లలేదు. నోరు తెరిచి, తల అడ్డంగా ఊపి, నా వల్ల కాదన్నట్టు ముఖం పెట్టాను. ఆయన వెనక్కి తిరిగి ఒక్క క్షణం నన్ను చూశారు. నా కాళ్లు తిరుగుతున్న తీరు కూడా చూశారు. ఏమీ అనకుండా మళ్లీ ముందుకెళ్లి లాగడం, అంటే గాలికి ఎదురు నిలిచి వెనకవాళ్లకి చాటు ఇవ్వడం, మొదలుపెట్టారు.

నాలో ఓపిక ఉంది. హ్యాండిల్ మీది కంప్యూటర్‌లో గుండె వేగం 158 చూపిస్తోంది. 170 దగ్గర నేను గంటసేపు నిలబడగలను. అంటే ఆ తల ఊపడం పచ్చి అబద్ధం.

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో, దాని వల్ల ఏం పోగొట్టుకున్నానో, మర్నాడు ఆదివారం రేసులో ఏం జరిగిందో రాయాలని కూర్చున్నాను. ఈ రెండు రోజుల తర్వాత ఒక మాట గట్టిగా అనగలను. మనలాంటి అమెచ్యూర్ల రేసులో బ్రేక్‌అవేలోకి వెళ్లినవాడు తన వంతు తాను లాగాల్సిందే. మర్యాద సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క అదే చెబుతోంది. ‘లాగకు, దాక్కో, చివర్లో కొట్టు’ అని కొత్తవాళ్లకు నూరిపోసే సలహా ఒకటుంది కదా, అది మన రేసులకు అసలు నప్పదు.

రోడ్ రేసు చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. యాభై అరవై మంది ఒకేసారి బయల్దేరతారు. చాలా దూరం ఒకే గుంపుగా వెళ్తారు. ఆ గుంపుని పెలోటాన్ అంటారు, మేము మామూలుగా బంచ్ అంటాం. అందులోంచి కొందరు వేగం పెంచి, తెంచుకుని ముందుకు వెళ్లిపోతే అది బ్రేక్‌అవే, పొట్టిగా బ్రేక్. వెనక గుంపు పట్టుకునేలోపు గీత దాటితే గెలుపు ఆ కొందరిలో ఒకరిది. పట్టుబడితే అంతసేపు పడ్డ కష్టమంతా గాలికి పోయినట్టే.

గాలి అని ఊరికే అనలేదు. ఈ ఆట మొత్తం గాలి చుట్టూనే తిరుగుతుంది. చదునైన రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు మనం పెట్టే బలంలో 80 శాతానికి పైగా గాలిని తోయడానికే పోతుంది. పైగా గాలిని తోయడానికి కావాల్సిన పవర్ వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 40 నుంచి 42కి వెళ్లాలంటే పెరిగిన వేగం 5 శాతమే, గాలికి కట్టాల్సిన మూల్యం మాత్రం దాదాపు 16 శాతం ఎక్కువ. ఇంకొకరి వీల్ వెనక దాక్కుంటే ఆ భారంలో పెద్ద వాటా తప్పిపోతుంది. ఇక గుంపు మధ్యలో ఉన్నవాడి సుఖం వేరు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ యూనివర్సిటీకి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల పెలోటాన్ మీద లెక్కలు వేసింది. గుంపు లోపల, వెనక భాగంలో ఉన్నవాళ్లకి తగిలే గాలి ఒంటరి రైడర్‌కి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమే అని తేలింది.

ఇది చదివితే ఎవరికైనా అనిపించేది ఒకటే, దాక్కోవడమే తెలివి అని. నాకూ అలాగే అనిపించింది. శనివారం నేను చేసింది అదే.

శనివారం రేసు 72 కిలోమీటర్లు, 12 కిలోమీటర్ల ల్యాప్ ఆరుసార్లు. రెండో ల్యాప్‌లో చిన్న ఎత్తు దగ్గర అయిదుగురం విడిపోయాం. నేను ప్లాన్ చేసుకున్నదేమీ లేదు, నా ముందున్న వీల్ వదలకుండా పట్టుకున్నాను, ఎత్తు దాటాక వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది. విడిపోయాక రెండు ల్యాపులు అయిదుగురం వంతులేసుకుని లాగాం. గ్యాప్ 50 సెకన్లకు వెళ్లింది. అప్పుడు నా బుర్రలో లెక్క మొదలైంది. ఈ అయిదుగురిలో నేను నెమ్మదిస్తే మిగతా నలుగురు లాగుతారు, నేను తాజాగా ఉంటాను, చివరి 200 మీటర్లలో కొడతాను.

ఆ లెక్కని కాగితం మీద పెట్టి చూద్దాం. సులువు కోసం నలుగురి బ్రేక్ అనుకోండి. నా బరువు మనిషికి 40 వేగంతో ముందుండి లాగాలంటే సుమారు 300 వాట్లు కావాలి, వీల్ వెనక సుమారు 205 చాలు. నలుగురూ సమానంగా వంతులేస్తే ఒక్కొక్కరి సగటు 229. నేను ఎగ్గొట్టి వెనకే కూర్చుంటే నాకు 205తో గడుస్తుంది, మిగతా ముగ్గురికీ సగటు 237కి ఎక్కుతుంది. నాకు 24 వాట్లు ఆదా. వాళ్ల మీద పడేది తలా ఎనిమిదే. ఇంత చవగ్గా దొరికే లాభం ఎవరు వదులుకుంటారు?

ఈ లెక్కలో దొంగతనం ఎక్కడుందంటే, మిగతా ముగ్గురూ ఏమీ మారకుండా అలాగే లాగుతూ ఉంటారని అనుకోవడంలో ఉంది. మనుషులు అలా ఉండరు. నేను తల ఊపిన రెండు నిమిషాలకే నా వెనకాయన కూడా ఒక వంతు వదిలేశాడు. ఇంకొకాయన ముందుకు వెళ్లాడు కానీ, ఇంతకుముందు ముప్పై సెకన్లు లాగినవాడు ఇప్పుడు ఎనిమిది సెకన్లకే మోచెయ్యి ఆడించాడు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరు అన్న సామెత నేను వందసార్లు విన్నాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కదిలే పల్లకీలో కూర్చుని దాని అర్థం తెలుసుకోవడం మాత్రం అదే మొదటిసారి. వేగం 40 నుంచి 37కి పడింది, ఎవరో విసిగిపోయి ఒక్కసారిగా 43కి తీశారు, మళ్లీ పడింది. ఎవరో ఎవర్నో తిట్టారు. నలభై నిమిషాలు ఒకే ఒంట్లా కదిలిన అయిదుగురం ఒక్క ల్యాప్‌లో అయిదుగురు అపరిచితులం అయిపోయాం.

ఇంటికొచ్చి పవర్ మీటర్ ఫైల్ తెరిచాను. నేను ఎగ్గొట్టిన దగ్గర్నుంచి నా సగటు 210కి తగ్గింది. అక్కడివరకు నా లెక్క నిజమే. కానీ నార్మలైజ్డ్ పవర్, అంటే ఎగుడుదిగుళ్లని కూడా కలుపుకుని ఒంటికి నిజంగా పడిన భారం చూపించే అంకె, 232 నుంచి 251కి పెరిగింది. ముందు రెండు ల్యాపుల్లో 500 వాట్లు దాటిన కుదుపులు ఆరు. ఆ తర్వాత ముప్పై ఒకటి. బ్రేక్‌లో వేగం నిలకడ తప్పాక, తెగిపోకుండా వీల్ పట్టుకోవడానికే నేను ఎగిరెగిరి పడాల్సి వచ్చింది. ఆదా చేశాననుకున్నది ఆదా కాలేదు, ఇంకా ఎక్కువే ఖర్చయింది.

గీతకి మూడు కిలోమీటర్ల ముందు బంచ్ మమ్మల్ని మింగేసింది. నేను 19వ స్థానంలో దాటాను. దేనికోసమైతే తాజాగా ఉన్నాననుకున్నానో ఆ స్ప్రింట్‌లో, నాకంటే నిజంగా తాజాగా ఉన్నవాళ్లు పద్దెనిమిది మంది ఉన్నారు.

రేసు తర్వాత నీళ్లు తాగుతుంటే మోచెయ్యి ఆడించినాయన పక్కనే ఆగారు. యాభై దాటినట్టున్నారు, గడ్డం సగం తెల్లబడింది. కోపంగా ఏమీ లేరు. “తమ్ముడూ, నీకు కాళ్లున్నాయి. నేను చూశాను,” అన్నారు. అంతే. సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయారు. ఆ మాట ముందు నా 19వ స్థానం చాలా చిన్న బాధ అనిపించింది.

‘దాక్కో’ అన్న సలహా ఎక్కడిదో నాకు తెలుసు. టీవీలో ప్రొఫెషనల్ రేసులు చూసి నేర్చుకున్నది. అక్కడ అది అర్థం ఉన్న సలహా. ఒక్కో టీమ్‌లో ఏడెనిమిది మంది ఉంటారు. చివరి మీటర్లలో దూసుకెళ్లే వాళ్ల స్ప్రింటర్ వెనక గుంపులో ఉంటే, బ్రేక్‌లో ఉన్న ఆ టీమ్ మనిషి లాగకపోవడమే అతని ఉద్యోగం. కారులో డైరెక్టర్ ఉంటాడు, చెవిలో రేడియో ఉంటుంది, గ్యాప్ ఎంతుందో సెకన్లతో సహా వినిపిస్తుంది. చేజ్ చేయడానికే జీతం తీసుకునే మనుషులు ఉంటారు. బ్రేక్‌కి ఎంత తాడు వదలాలో, ఎప్పుడు లాక్కోవాలో వాళ్లు లెక్కగట్టి మరీ చేస్తారు.

ఆ లెక్కకి ఒక పాత పేరు కూడా ఉంది. ఒకప్పుడు రేసర్‌గా ఉండి తర్వాత టీవీ వ్యాఖ్యాతగా మారిన ఫ్రెంచివాడు రాబర్ట్ షపాత్ చెప్పిన సూత్రం: గీతకి ఇంకా 10 కిలోమీటర్లు ఉన్నప్పుడు బ్రేక్‌కి కనీసం ఒక నిమిషం గ్యాప్ ఉండాలి, లేకపోతే దొరికిపోతారు. ఇది ఊరికే పుట్టిన మాట కాదు. 40 వేగంతో వెళ్తున్న బ్రేక్‌కి నిమిషం గ్యాప్ అంటే సుమారు 670 మీటర్లు. మిగిలిన 10 కిలోమీటర్లు వాళ్లకి పావుగంట పని. అదే పావుగంటలో వెనకవాళ్లు 10.67 కిలోమీటర్లు తొక్కాలి, అంటే 42.7 వేగంతో రావాలి. గాలి లెక్కన చూస్తే ముందుండి లాగేవాళ్ల మీద 20 శాతానికి పైగా అదనపు భారం. ప్రొఫెషనల్ టీములు ఆ భారాన్ని పంచుకుని మోయగలవు, మోస్తాయి కూడా.

మన రేసులో మోసేదెవరు? బంచ్‌లో యాభై మంది ఉన్నా చేజ్ చేసే బాధ్యత ఎవరిదీ కాదు. ముందుకొచ్చి లాగినవాడు నలభై తొమ్మిది మందికి నీడ ఇచ్చి, చివర్లో వాళ్ల చేతిలోనే ఓడిపోతాడు. అది అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టమంటే అందరూ పక్కవాడి వైపు చూస్తారు. ఒకడు అర నిమిషం లాగి విసుక్కుని తప్పుకుంటాడు, ఇంకొకడు వస్తాడు, వేగం ఎక్కి దిగుతుంది. గ్యాప్ ఎంతో సరిగ్గా ఎవరికీ తెలియదు. ముందు నలుగురున్నారా అయిదుగురున్నారా అన్నదాని మీద కూడా వాదన జరుగుతుంది. అందుకే షపాత్ సూత్రం మన దగ్గర బ్రేక్ వైపు మొగ్గుతుందని నా నమ్మకం. ముందున్న నలుగురు నిజంగా కలిసి లాగితే, వెనక కలవలేని యాభై మంది కంటే వాళ్ల బలమే ఎక్కువ.

దీనికి అతిపెద్ద రుజువు అమెచ్యూర్ రేసులోంచి రాలేదు, ఒలింపిక్స్‌లోంచి వచ్చింది. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసు. 137 కిలోమీటర్లు. ఆస్ట్రియా తరఫున వచ్చిన ఆన్నా కీసెన్‌హోఫర్‌కి అప్పటికి ప్రొఫెషనల్ టీమ్ కాంట్రాక్ట్ లేదు. ఆమె గణితంలో పీహెచ్‌డీ చేసిన పరిశోధకురాలు. రేసు మొదలవగానే అటాక్ చేసింది, కొందరు కలిశారు, దాదాపు 40 కిలోమీటర్లు మిగిలి ఉండగా వాళ్లని కూడా వదిలి ఒంటరిగా వెళ్లింది. ఒలింపిక్స్‌లో రేడియోలు ఉండవు. వెనక నెదర్లాండ్స్ జట్టు అందరికంటే బలమైన జట్టు. వాళ్లు బ్రేక్‌లో మిగిలిన ఇద్దరినీ పట్టుకున్నారు. ముందు ఇంకొకామె ఉందన్న సంగతి వాళ్లకు సరిగ్గా తెలియలేదు. ఆ జట్టు రైడర్ ఆనెమీక్ వాన్ ఫ్లూటెన్ రెండో స్థానంలో గీత దాటుతూ, తానే గెలిచానని చేతులు పైకెత్తింది. కీసెన్‌హోఫర్ అప్పటికే నిమిషంపావు ముందు వచ్చి నేల మీద పడి ఉంది.

ప్రపంచంలోకెల్లా మేటి రైడర్లు కూడా రేడియో లేకపోతే, చేజ్ ఎవరి బాధ్యతో తేలకపోతే, అలా మోసపోయారు. మన వారాంతపు రేసులన్నీ ఎప్పుడూ ఆ పరిస్థితిలోనే జరుగుతాయి.

ఎదురు మాట నాకు తెలుసు, నిజమైన మాటే. బ్రేకులు ఎక్కువగా దొరికిపోతాయి. అది కూడా గుండె పగిలేలా దొరుకుతాయి. 2014 టూర్ డి ఫ్రాన్స్ 15వ స్టేజ్‌లో న్యూజిలాండ్‌కి చెందిన జాక్ బావర్, స్విట్జర్లాండ్ రైడర్ మార్టిన్ ఎల్మిగర్‌తో కలిసి 222 కిలోమీటర్ల దారిలో దాదాపు మొత్తం ముందే ఉన్నాడు. నీమ్ అనే ఊళ్లో గీత కళ్ల ముందు కనిపిస్తుండగా, చివరి కొన్ని పదుల మీటర్లలో బంచ్ అతని పక్కనుంచి దూసుకుపోయింది. దాటాక అతను కూలబడి ఏడ్చిన దృశ్యం నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేను.

అయితే మనం పోల్చాల్సింది దేనితో? బ్రేక్‌ని గెలుపుతో పోలిస్తే బ్రేక్ చెత్త పందెమే. కానీ నా ముందున్న రెండో దారి గెలుపు కాదు, బంచ్ స్ప్రింట్. నేను 68 కిలోల మనిషిని, అయిదు సెకన్ల బలం నాకు పెద్దగా లేదు. ఎన్నో రేసులు బంచ్‌లో దాక్కుని పూర్తి చేశాను. వాటిలో నా మంచి స్థానం 11. బంచ్‌లో ఆగిపోతే నాకు దక్కేది ఏమిటో ఎప్పుడో తేలిపోయింది. బ్రేక్ పదిసార్లలో ఎనిమిదిసార్లు దొరికిపోయినా, మిగిలిన ఆ రెండుసార్లే నాకున్న అసలైన రేసులు. మనలో ఎక్కువమంది స్ప్రింటర్లు కాదు. అయినా స్ప్రింటర్ల కోసం రాసిన సలహానే పాటిస్తూ, ప్రతి వారం స్ప్రింటర్ల గెలుపుకి దారి చదును చేసి ఇంటికి వస్తున్నాం. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

లాగకపోవడానికి న్యాయమైన కారణాలూ ఉన్నాయి, వాటిని కొట్టిపారేయను. వెనకనుంచి మన టీమ్ మనిషి ఒంటరిగా దాటుకుని వస్తుంటే ఆగవచ్చు. నిజంగా ఓపిక అయిపోతే అసలు మొహమాటం వద్దు, ‘నా వల్ల కాదు, నేను చివర్లో ఉంటాను’ అని నోటితో చెప్పి, వంతుల వరుసలోంచి బయటికి వచ్చి వెనక కూర్చోవాలి. వరుస మధ్యలో ఉండి, వంతు రాగానే ఆగిపోయి, ముందువాడికి మనకి మధ్య ఖాళీ వదిలేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. ఆ ఖాళీని పూడ్చేవాడు రెండుసార్లు అలిసిపోతాడు. శనివారం నేను చేసింది ఆ పని.

ఇక ఆదివారం.

80 కిలోమీటర్లు, 16 కిలోమీటర్ల ల్యాప్ అయిదుసార్లు. ప్రతి ల్యాప్‌లో 1.8 కిలోమీటర్ల ఎత్తు, దాదాపు 4 శాతం వాలు. దాని ముందు ఎదురుగాలితో తిన్నగా పోయే రోడ్డు. ఎత్తు దిగాక ఎడమవైపు నుంచి అడ్డగాలి కొట్టే మైదానం. శనివారం అలసట కాళ్లలో ఉంది కానీ, రాత్రంతా ఆ ఒక్క మాట నాతోనే ఉంది.

మొదటి రెండు ల్యాపుల్లో ప్రతి ఒక్కరూ అటాక్ చేశారు. తాజా కాళ్లతో ఉన్న బంచ్ ప్రతి ఒక్కరినీ పట్టుకుంది. నేను కదల్లేదు. బ్రేక్ వెళ్లేది అందరికంటే గట్టిగా కొట్టినప్పుడు అనుకుంటారు చాలామంది. నేను చూసినంతలో, మిగతావాళ్లు ఊపిరి తీసుకోవాలనుకున్నప్పుడు వెళ్తుంది. మూడో ల్యాప్ మొదట్లో ఇద్దరు ముందుకు వెళ్లారు, బంచ్ రెండు కిలోమీటర్లు కష్టపడి వాళ్లని పట్టుకుంది. పట్టుకున్న ఆ క్షణాన వేగం ఒక్కసారిగా పడిపోయింది. కొందరు నీళ్ల సీసాలు తీశారు. ఒకాయన నిటారుగా కూర్చుని నడుం సాగదీశారు. నేను తొమ్మిదో పదో స్థానంలో కుడి అంచున ఉన్నాను. ముందువరసలో ఉండి అటాక్ చేస్తే అందరికీ కనిపిస్తాం, వెంటనే వీల్ పట్టుకుంటారు. వెనకనుంచి వేగం తెచ్చుకుని, రోడ్డుకి ఇంకో అంచుకి మారి, వాళ్ల పక్కనుంచి వెళ్లేటప్పటికే అయిదారు కిలోమీటర్ల వేగం తేడా ఉండాలి. అలాగే వెళ్లాను. ఇరవై సెకన్లు తల ఎత్తలేదు.

తల ఎత్తి వెనక్కి చూస్తే ముగ్గురు వస్తున్నారు. ఒక పొడుగాటి కుర్రాడు. ఇద్దరు పిల్లల పేర్లు సైకిల్ పై గొట్టం మీద స్టిక్కర్లుగా అంటించుకున్న ఒకాయన, నంబరు 41. మూడోది నిన్నటి సగం తెల్లగడ్డం అన్న.

ఆయన నన్ను గుర్తుపట్టారు. పక్కకొచ్చి ఒక్క ప్రశ్న అడిగారు. “లాగుతావా?”

“లాగుతాను అన్నా.”

“అయితే ఇరవై ఇరవై సెకన్లు. వేగం పెంచొద్దు.”

ఆ ‘వేగం పెంచొద్దు’ అన్నది బ్రేక్‌లో అన్నిటికంటే పనికొచ్చే మాట. కుర్రాడు మాలో బలమైనవాడు. తన వంతు రాగానే ఉత్సాహంతో 44కి తీసేవాడు. అప్పుడే వంతు ముగించి వెనక్కి జారుతున్నవాడికి చివరి వీల్ అందేది కాదు, పరుగెత్తి పట్టుకోవాల్సి వచ్చేది. మూడోసారి అలా జరిగాక అన్న గట్టిగా అన్నారు: “బలముంటే వేగం పెంచకు నాన్నా, సేపు పెంచు!” కుర్రాడికి అర్థమైంది. ఆ తర్వాత అతను 40 దగ్గరే నలభై సెకన్లు లాగాడు, నేనూ 41 ఇరవై అయిదు, అన్న ఇరవై. ఎవరి బలానికి తగ్గట్టు వాళ్ల సేపు మారింది, వేగం మారలేదు. బ్రేక్‌లో సమానత్వం అంటే ఇదే అని నాకు అనిపించింది. గడియారం చూసి సరిసమానంగా పంచుకోవడం కంటే, ఎవరూ దాచుకోవడం లేదన్న నమ్మకం ఉండటం ముఖ్యం.

అడ్డగాలి మైదానంలో ఇంకో పని మొదలైంది. గాలి ఎడమనుంచి కొడుతోంది కాబట్టి నీడ నేరుగా వెనక ఉండదు, కుడివైపు ఏటవాలుగా పడుతుంది. ముందున్నవాడు రోడ్డుకి ఎడమ అంచు పట్టుకుంటే మిగతా ముగ్గురం అతనికి కుడిపక్కగా మెట్లమెట్లుగా నిలబడే చోటు దొరుకుతుంది. వంతు అయ్యాక గాలి వచ్చే వైపుకే, అంటే ఎడమకే తప్పుకోవాలి, కుడికి తప్పుకుంటే మొత్తం వరుస కకావికలవుతుంది. 41 ఈ పని అద్భుతంగా చేశాడు. అతని ముందు చక్రం నా వెనక చక్రానికి జానెడు దూరంలో పక్కన ఉంటుంది, ఒక్కసారి కూడా బ్రేకు పట్టలేదు, కుదుపు లేదు. భుజం కదిలిన తీరు చూసి నేను తప్పుకునే ముందే అతనికి తెలిసిపోయేది. పేరు కూడా తెలియని మనిషి మీద అంత నమ్మకం పెట్టి, అంత వేగంతో, అంత దగ్గరగా వెళ్లడం ఇంకెక్కడ జరుగుతుంది? నాకు ఈ ఆటంటే ప్రాణం అవ్వడానికి కారణం ఇలాంటి పది నిమిషాలే.

మలుపులో నిలబడ్డ వాలంటీర్ ఒకామె సెకన్లు అరిచి చెప్పేది. మొదట 25. నాలుగో ల్యాప్‌లో 55. చివరి ల్యాప్ గంట మోగినప్పుడు 1 నిమిషం 20.

చివరి ల్యాప్ ఎదురుగాలిలో 41 అలసిపోవడం నేను చూశాను. భుజాలు ఊగుతున్నాయి, గేర్ ఒకటి తగ్గించాడు. ఎత్తు ఇంకో కిలోమీటర్ దూరంలో ఉంది. ఆ ఎత్తులో మాతో నిలబడలేనని అతనికి అప్పటికే తెలుసనుకుంటాను. అలాంటప్పుడు చాలామంది వెనక్కి జారి దాక్కుంటారు, ఎత్తులో ఇంకొంచెం సేపు వేలాడదామని. అతను తన వంతు వచ్చినప్పుడు ముందుకు వెళ్లాడు. ఇరవై సెకన్లు దాటాయి, తప్పుకోలేదు. నలభై. నిమిషం. నేను అతని వెనక ఉన్నాను. జెర్సీ వీపు మీద ఉప్పు చారలు, నంబరు కాగితానికి ఒక పిన్ను ఊడి గాలికి టపటపలాడుతున్న మూల, ఇవి తప్ప నాకేమీ కనపడలేదు. ఎత్తు మొదలయ్యే చోటిదాకా అలాగే లాగి, ఎడమకు తప్పుకుని, చెయ్యి ముందుకు ఊపాడు, వెళ్లండి అన్నట్టు. మేము ముగ్గురం ఎక్కాం. రెండు నిమిషాల తర్వాత వెనక్కి చూస్తే అతను లేడు.

పది కిలోమీటర్ల బోర్డు దగ్గర మా గ్యాప్ 58 సెకన్లు. షపాత్ చెప్పినదానికి రెండు సెకన్లు తక్కువ. ఎత్తు పైన 44. మైదానంలో ముగ్గురం మాట లేకుండా లాగాం. ఒకటిన్నర కిలోమీటర్ల దగ్గర అన్న మోచెయ్యి ఆడించలేదు, తన వంతు వచ్చినా ముందుకు రాలేదు. కుర్రాడి వైపు, నా వైపు చూశారు. అక్కడితో మా ఒప్పందం అయిపోయింది. దాన్ని నేను తప్పు పట్టను. అప్పటికి వెనక 30 సెకన్లు ఉంది, ఇక దొరకం అని ముగ్గురికీ తెలుసు. కలిసి చేయాల్సిన పని ముగిశాక ఎవరి రేసు వాళ్లదే. ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందంటే నా సమాధానం ఇది: గీత కనపడినప్పుడు కాదు, వెనకవాళ్లు ఇక అందుకోలేరని తేలినప్పుడు. అంతకు ముందు తెలివి చూపించినవాడు అందరినీ ముంచుతాడు, శనివారం నేను ముంచినట్టు.

మేము ఒకరినొకరు చూసుకుంటూ నెమ్మదించాం. 900 మీటర్ల దగ్గర కుర్రాడు ఆగలేక లేచాడు. అన్న క్షణంలో అతని వీల్ మీద ఉన్నారు. నేను ఒక్క అర సెకను ఆలోచించాను, ఆ అర సెకనుకి రెండు సైకిళ్ల పొడుగు గ్యాప్ వచ్చింది, దాన్ని మళ్లీ పూడ్చలేకపోయాను. అన్న గెలిచారు. కుర్రాడు రెండు. నేను మూడు. పోడియం మీద నిలబడటం నాకు ఇదే మొదటిసారి. మా వెనక 18 సెకన్లకు బంచ్ స్ప్రింట్ జరిగింది.

2016లో పారిస్-రూబే అనే ఒక్కరోజు రేసు గెలిచిన మాథ్యూ హేమన్ నాకు చాలా ఇష్టం. రేసుకి అయిదారు వారాల ముందు చెయ్యి విరిగితే, ఇంట్లో సైకిల్‌ని ఒకేచోట నిలిపి తొక్కే ట్రైనర్ మీద సిద్ధమై, ఉదయం వెళ్లిన బ్రేక్‌లో చేరి, వెనకనుంచి వచ్చి కలిసిన మేటి రైడర్లతో చివరిదాకా ఉండి, గీత ఉన్న వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ ట్రాక్‌లో, వాళ్లలో ఒకడైన టామ్ బూనెన్‌ని ఓడించాడు. అయితే ఆరోజు ఉదయం అతనితో పాటు బ్రేక్‌లో లాగిన పదిహేనుమంది సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆదివారం సాయంత్రం ఆలోచించాను.

41ని వెతుక్కుంటూ వెళ్లాను. ఫలితాల కాగితంలో అతనిది 38వ స్థానం, బంచ్ సమయమే. కారు డిక్కీ తెరిచి, ముందు చక్రం ఊడదీసి, చైను గుడ్డతో తుడుచుకుంటున్నాడు. దగ్గరనుంచి చూస్తే నాకంటే పెద్దవాడే. చెయ్యి కలిపి థాంక్స్ చెప్పాను.

“ఎంత గ్యాప్‌తో దాటారు చివరికి?” అని అడిగారు.

“పద్దెనిమిది సెకన్లండి.”

గుడ్డ మడత పెడుతూ కాసేపు ఆగారు. “ఎత్తు ముందు నేను లాగింది... నిమిషం ఉంటుందా?”

“ఉంటుందండి,” అన్నాను. “నిమిషం దాటింది. నేను లెక్కపెట్టాను.”